కప్ప వీపు మీద కుట్లు

రోజూ పొద్దున్నే మొగుణ్ణి కప్పలో పెట్టి కుట్టెయ్యడం ఆమె పని.

జిప్పు పెడతానని మొదట్లోనే అడిగింది. ప్రొడ్యూసరు ఒప్పుకోలేదు. కప్ప గెంతినప్పుడల్లా వీపు మీద జిప్పు తళుక్కుమంటే చూసేవాళ్ళు నవ్వుతారట. బస్సు సీట్లలోంచి పీకిన స్పాంజి, ఆకుపచ్చ రెయిన్‌కోటు గుడ్డ, సగానికి కోసిన రబ్బరుబంతుల కళ్ళు. వీటితో తయారైన కప్పని చూస్తే నవ్వరు గానీ, జిప్పుని చూస్తే నవ్వుతారు! సరే, సీరియల్ ఆయనది. ఆమె కప్ప మెడ దగ్గర మొదలుపెట్టి నడుం కిందిదాకా దబ్బనంతో పెద్ద పెద్ద కుట్లు వేసేది. సాయంత్రం మళ్ళీ ఒక్కొక్క కుట్టే బ్లేడుతో తెంపి లోపలున్న మనిషిని బయటికి లాగేది.

"ఊపిరి బిగబట్టు."

"బిగబట్టే ఉన్నానే. వదిలితే కదా మళ్ళీ బిగబట్టడానికి!"

"మాట్లాడకు. దబ్బనం పక్కటెముకల్లోకి దిగుతుంది."

"దిగనీ. కప్పలకి పక్కటెముకలుండవట. కెమెరా అతను చెప్పాడు."

అందరూ అతణ్ణి బల్లెం అంటారు. ఏ రాజుల కథ తీసినా సింహాసనం వెనక బల్లెం పట్టుకుని నిలబడేది అతనే. బల్లెం కెమెరాలో పడేది, అతను పడేవాడు కాదు. పడినా ఒక మోచెయ్యో, సగం చెవో. వాళ్ళమ్మ టీవీ ముందు కూర్చుని ఆ మోచేతిని గుర్తుపట్టి, "అదిగో నా కొడుకు!" అని వీధి చివరి ఇంటికి కూడా వినపడేలా అరిచేది.

ఈ కథలో మాత్రం అలా కాదు. రాకుమారి బంగారు బంతి బావిలో పడిపోతుంది. ఒక కప్ప దాన్ని తెచ్చిపెట్టి, బదులుగా నీ పక్కన కూర్చోనివ్వాలి, నీ పళ్ళెంలో తిననివ్వాలి అని మాట తీసుకుంటుంది. చివరికి శాపం తీరి కప్పే రాకుమారుడవుతుంది. ఎండాకాలంలో స్పాంజిలో దూరడానికి ఏ నటుడూ ఒప్పుకోకపోయేసరికి, ప్రొడ్యూసరు బల్లెం భుజం మీద చెయ్యేసి, భార్య ఎదుటే అన్నాడు. "ఒరే, గెంతినవాడే రాకుమారుడు. ఆఖర్న తెర నిండా నీ మొహమేరా. ఏమ్మా, రాకుమారుడి కోటు మీ ఆయన కొలతలకే కుట్టు."

ఆమె కుట్టింది. మూసేసిన సినిమాహాలు తెర తాలూకు నీలం గుడ్డ అది. తలుపులు వేసుకుని మరీ కుట్టింది. అతని కుడి భుజం కాస్త వాలుగా ఉంటుంది. ఆ వాలు కనపడకుండా లోపల దూది పెట్టింది. కాలరు ఒకసారి కుట్టి, నచ్చక విప్పి, మళ్ళీ కుట్టింది. పెళ్ళయ్యాక ఆమె అతని కోసం కుట్టిన బట్టలన్నీ ఎవరో ఒకరి పక్కన నిలబడేవాడి బట్టలే. ఇది మధ్యలో నిలబడేవాడి కోటు.

షూటింగు జరిగేది ఒకప్పుడు సిమెంటు బస్తాలు పెట్టిన రేకుల షెడ్డులో. కోట గుడ్డ మీద వేసిన బొమ్మ. ఫ్యానేస్తే కోట ఊగుతుంది, బురుజులు ఇటు, సింహద్వారం అటు. అంచేత షాటు మొదలవగానే ఫ్యాన్లు ఆపేస్తారు. ఆపిన మరుక్షణం పుట్టే వేడి మామూలు వేడి కాదు. రాకుమారి పూసుకున్న రంగు గడ్డం దాకా జారి, అక్కడ రెండో మొహంలా వేలాడేది. రాజు వేషం ప్రొడ్యూసరే వేసుకున్నాడు, కిరీటం ఆయన తలకే పట్టిందని. ఓ మధ్యాహ్నం ఆయన పెట్టుడుమీసం ఆ వేడికి ఊడిపడి, నేల మీద పాక్కుంటూ పోతుంటే, కెమెరా అతను తేలనుకుని చెప్పుతో కొట్టాడు. నమ్మితే నమ్మండి, మీసం ఆ దెబ్బకే పోయింది. అక్కణ్ణించి రాజుగారికి ఆ కథలో మీసం లేదు.

ఆ రోజు బావి సీను. నీళ్ళ ట్యాంకు సగానికి కోసి, బయట రాళ్ళ బొమ్మ వేశారు. రాకుమారి బంగారు బంతి విసిరింది. బంతి మునగలేదు. రంగుకాగితం అంటించిన రబ్బరుబంతి, ఎలా మునుగుతుంది? బావి మధ్యలో హాయిగా తేలుతూ కూర్చుంది.

"సార్, ఇది మునగట్లేదు. నేను ఏడవాలా, వద్దా?" అంది రాకుమారి, నోట్లో చూయింగ్‌గమ్ పక్కకి నెట్టి.

"ఏడుపు ఆపుకో తల్లీ, రాళ్ళు నింపుతాం."

గులకరాళ్ళు నింపాక బంతి బుడుంగున మునిగింది. దాని వెనకే కప్ప దూకింది. అప్పుడుగానీ ఎవరికీ స్పాంజి సంగతి తట్టలేదు. బావిలో ఉన్న నీళ్ళన్నీ కప్ప తాగేసింది. బావి ఎండిపోయింది, కప్ప మాత్రం గున్న ఏనుగంత అయి అడుగున కూర్చుంది. షెడ్డులో ఉన్న మగవాళ్ళందరూ కలిసి కాళ్ళూ చేతులూ పట్టుకుని బయటికి లాగారు.

"విప్పితే మళ్ళీ కుట్టాలి, టైము లేదు," అన్నాడు కెమెరా అతను. డైరెక్టరూ అతనే. "అలాగే పిండెయ్యమ్మా."

ఆమె మొగుణ్ణి పిండింది. పాదాల దగ్గర మొదలుపెట్టి, తడి దుప్పటిని పిండినట్టు, లోపల మనిషి ఉండగానే పైకి పిండుకుంటూ వచ్చింది. కప్ప నోట్లోంచి నీళ్ళతో పాటు నవ్వు కూడా వచ్చింది.

"మెల్లిగా పిండవే. ప్రాణం కూడా కారిపోయేట్టుంది."

"కారితే పట్టుకుంటాలే. నోరు తెరువు." కప్ప నోట్లోకి చెయ్యి పెట్టి అరటిపండు అందించింది. లోపల చీకట్లో అతని పెదవులు ఆమె వేళ్ళకి తగిలాయి. వేడిగా ఉన్నాయి. "ఇంకెంత, రేపే కదా ఆఖరి సీను. కోటు సంచిలో పెట్టి తెచ్చాను, చూస్తావా?"

"ఇప్పుడొద్దు. వేసుకున్నాకే చూస్తా."

అప్పుడే ప్రొడ్యూసరు పక్కగదిలోంచి పిలిచాడు. "అమ్మా, టేపు పట్టుకుని ఓసారి ఇలా రా."

గదిలో ఒక కుర్రాడున్నాడు. సన్నగా, ఎత్తుగా, గోడకి ఆనించిన నిచ్చెనలా ఉన్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబులో ఓసారి, వెనక ఓసారి పెట్టుకుంటున్నాడు.

"మా మేనల్లుడు. ఆ నీలంకోటు ఇతనికి సరిపెట్టాలి."

"ఇతనికెందుకండీ?"

"రాకుమారుడు ఇతనే కదా."

ఆమె మెడలో ఉన్న టేపు పట్టుకుని నిలబడిపోయింది. "రాకుమారుడు మా ఆయన కదండీ."

"మీ ఆయన కప్ప కదమ్మా!" అని ఆయన నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి గొంతు తగ్గించాడు. "చూడు చెల్లెమ్మా. ఈ షెడ్డు మా బావది. ఊరికే ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు ఏమీ అనలేదు, నిన్న భోంచేస్తూ అన్నాడు, మావాడికి ఏదైనా వేషం చూడు అని. నన్నేం చెయ్యమంటావు? మీ ఆయన నటనకి వంక పెట్టను. కానీ ఆ మొహం చూశావా? స్పాంజిలో ఉడికి ఉడికి రోజంతా నీళ్ళలో నానిన చేతివేళ్ళలా ముడతలు పడింది. క్లోజప్పులో పెడితే రాకుమారి, నాకు మళ్ళీ ఆ కప్పే కావాలంటుంది."

"ఆ ముడతలు మీ కప్ప వల్లే కదండీ వచ్చాయి."

"కాదన్నానా? అందుకే కదా చెబుతున్నా. నువ్వే నెమ్మదిగా చెప్పు. ఇంట్లో మనిషివి."

"అక్కా, నాకసలు ఇష్టం లేదు," అన్నాడు కుర్రాడు, టేపు భుజాల మీద పడుతుంటే ముడుచుకుపోతూ. "మామయ్యా నాన్నా కలిసి..."

"నువ్వు నిటారుగా నిలబడు బాబూ. ఒంగితే కొలత తప్పుతుంది."

ఆమె ఆ గదిలోనే కూర్చుని కోటు విప్పింది. భుజాలు లోపలికి తీసింది. చేతులు దించింది. కుడి భుజంలోంచి దూది బయటికి లాగి ఎక్కడ పెట్టాలో తెలియక పిడికిట్లో పట్టుకుంది. ఈ కుర్రాడి భుజాలు రెండూ సమంగా ఉన్నాయి.

సాయంత్రం షెడ్డు ఖాళీ అయ్యాక కప్పని బోర్లా పడుకోబెట్టి కుట్లు తెంపడం మొదలుపెట్టింది. ఎదురుగా కూర్చుని చెప్పే ధైర్యం లేదు. మెడ దగ్గర మూడు కుట్లు తెగేదాకా ఆగి, వీపుకే చెప్పింది.

"రేపు కోటు నువ్వు వేసుకోవటం లేదయ్యా. ప్రొడ్యూసరు మేనల్లుడు వేసుకుంటున్నాడు."

వీపులకి మొహాలుండవు. కానీ ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషికి వీపు చాలు. ఊపిరికి లేచి దిగుతున్న ఆ ఆకుపచ్చ గుడ్డ దిగినచోటే ఆగిపోయింది. మళ్ళీ లేవడానికి చాలాసేపు పట్టింది.

"ఎవరు చెప్పారు?" అన్నాడు లోపల్నుంచి.

"ఆయనే. నాచేతే కోటు విప్పించి కుట్టించాడు."

"కుట్టావా?"

"కుట్టాను. నేను కుట్టకపోతే గుండుసూదులు గుచ్చి తొడిగేవాళ్ళు. నాకు ఆ కోటు అలా పాడవడం..." ఆమె ఆగిపోయింది. తను చెప్పేది తనకే బాగోలేదు.

"రేపు అడుగుతాను," అన్నాడతను. బయటికొచ్చి, తడిసి పాలిపోయిన మొహాన్ని రెండు చేతులతో చాలాసేపు తుడుచుకున్నాడు. "మాటిచ్చాడు కదా. నీ ముందే కదా ఇచ్చింది. గట్టిగా అడుగుతాను."

మర్నాడు మనిషిగా ఉన్నప్పుడే అడుగుదామని పెందరాళే వెళ్ళి కూర్చున్నాడు. ప్రొడ్యూసరు రాలేదు. కెమెరా అతను వచ్చి, "ఏంటన్నా, ఇంకా మనిషిగానే ఉన్నావు? సార్ రాగానే షాటు," అన్నాడు. ఆమె తప్పక కుట్టింది. చివరి ముడి వేసి దారం కొరుకుతుండగా ప్రొడ్యూసరు కిరీటం పెట్టుకుని లోపలికొచ్చాడు.

కప్ప లేచి ఆయనకి అడ్డంగా నిలబడింది.

"సార్, మీరు నాకు మాటిచ్చారు."

రాకుమారి కిసుక్కుమంది. కోపంతో అతని తల అదురుతుంటే రబ్బరుకళ్ళు ఒకటి పైకీ ఒకటి కిందికీ ఊగుతున్నాయి. "నవ్వులాట కాదు సార్! ఎండల్లో, నీళ్ళలో, ఇన్నాళ్ళూ..." అంటూ చెయ్యెత్తాడు. వేళ్ళ మధ్య తోలున్న ఆ ఆకుపచ్చ చెయ్యి గాల్లో టపటపలాడింది. లైట్లు పట్టుకున్నవాళ్ళు కడుపు పట్టుకున్నారు. మేనల్లుడు కూడా గోడవైపు తిరిగి నవ్వు ఆపుకున్నాడు. ఎంత గట్టిగా అరిస్తే అంత నవ్వు. మనిషన్నవాడు ఏ గుడ్డలు వేసుకునైనా కోప్పడగలడు గానీ, కప్పలో ఉండి కోప్పడటం ఎవరితరం?

"అబ్బ, ఏం చేస్తున్నాడ్రా! కెమెరా తిప్పు, ఇదంతా తియ్యి!" అన్నాడు ప్రొడ్యూసరు కళ్ళు తుడుచుకుంటూ. కెమెరా అతను నిజంగానే తీశాడు.

ఆ తరవాత భోజనాల సీను. కప్ప బల్ల మీద పళ్ళెం పక్కన కూర్చుంది. రాకుమారి మొహం చిట్లించుకుంది. రాజుగారు వేలు చూపించి కూతుర్ని మందలించాలి.

"అమ్మాయీ, బావి దగ్గర ఆ కప్పకి మాటిచ్చావా లేదా? ఇచ్చావు కదా. అవసరం తీరాక తప్పుకుంటే నువ్వు నా కూతురివే కాదు!"

ఆయనకి ఒక పట్టాన రాలేదు. "అవసరం తీరాక" దగ్గర ప్రతిసారీ నాలుక మడతపడేది. మళ్ళీ, మళ్ళీ చెప్పాడు. ఫ్యాన్లు ఆగే ఉన్నాయి. కప్ప కదలకుండా ఆయన ఎదురుగా కూర్చుని ప్రతిసారీ విన్నది. ఆమె చుట్టూ చూసింది, ఎవరి మొహంలోనైనా ఏమైనా కదులుతుందేమోనని. అందరూ కాయితంలో ఉన్నట్టే చెబుతున్నాడా లేదా అన్నదే చూస్తున్నారు.

మధ్యాహ్నం కుట్లు తొందరగా తెంపమన్నారు. తొందరలో గుడ్డ చిరిగింది. నడుం దాకా కప్పగా, పైన తడిబనీనుతో అతను కోట గుడ్డ వెనక నిలబడ్డాడు. ముందర, లైట్లలో, నీలంకోటు వేసుకుని మేనల్లుడు.

"శాపం తీరింది రాకుమారీ. నీ మాటే నన్ను మనిషిని చేసింది," అనాలి. కుర్రాడు నోరు తెరిచాడు. తలుపు సందులో పడ్డ పిల్లి గొంతు వచ్చింది. నీళ్ళు తాగించారు. మళ్ళీ పిల్లే. ఈ సీరియల్లో తరవాత గొంతు కలిపే ఏర్పాటు లేదు. ఎప్పుడు పలికితే అప్పుడు రికార్డయ్యేదే.

"సార్, పోనీ ఆ కప్పన్ననే వెనక నుంచి చెప్పమనండి. గొంతు బాగుంటుంది," అంది రాకుమారి. మంచి మనసుతోనే అంది.

ప్రొడ్యూసరు గుడ్డ పక్క నుంచి తల పెట్టాడు. "ఒరే బల్లెం, కాస్త సాయం చెయ్యరా. నీ గొంతైనా ఉంటుంది కదా."

ఆమె అతని చెవిలో అంది. "గొంతు పోయిందను. నీళ్ళలో దూకితే జలుబు చేసిందను."

అతను తలూపాడు. కెమెరా తిరిగింది. అతను కళ్ళు మూసుకుని, ఊపిరి తీసుకుని, ఆ రెండు మాటలూ అన్నాడు.

షెడ్డులో ఎవరూ కదల్లేదు. రాకుమారి నోట్లో చూయింగ్‌గమ్ ఆగిపోయింది. ఆ గొంతుకి ఆ పిల్ల కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి, కెమెరా అతను అవి పోకముందే పట్టుకున్నాడు. నీలంకోటులో కుర్రాడు పెదవులు కదిపాడు. వాడి మొహం తెర నిండా.

ఇక చివరి షాటు ఒకటి ఉండిపోయింది. రాకుమారుడి పాదాల దగ్గర ఖాళీ కప్పచర్మం పడి ఉండాలి. అది తీసేలోపు కరెంటు పోయింది. "చిరుగు కుట్టి రేపు తేమ్మా," అని చర్మం ఆమె చేతికిచ్చారు.

దారిలో ఆమె అడిగింది. "ఎందుకు చెప్పావు?"

"చెడగొడదామనే అనుకున్నానే," అన్నాడు. "నోరు తెరిచాక చేతకాలేదు."

ఇంట్లో అత్తగారు తలుపు దగ్గరే ఉంది. "అయిపోయిందా నాయనా? మొహం తీశారా? వీధిలో అందరికీ చెప్పేశాను, పక్కింటివాళ్ళు కుర్చీలు కూడా తెచ్చుకుంటామన్నారు."

అతను చెప్పులు విప్పుతూ ఉండిపోయాడు. ఆమే చెప్పింది, మొహం వేరేవాడిది, గొంతు మనవాడిది అని. ముసలావిడ కాసేపు ఆలోచించింది.

"పోన్లే. కళ్ళు మూసుకుని చూస్తాను," అంది.

ఆ మాటకి అతను లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. ఆమె మిషను ముందు కూర్చుంది. కప్పచర్మం ఒళ్ళో వేసుకుని చిరుగు వెతికింది. సూదికి దారం ఎక్కించింది. తరవాత సూది పక్కన పెట్టి కత్తెర తీసుకుంది. కాళ్ళు ముందు, తరవాత చేతులు, తరవాత వీపు. స్పాంజి చతురస్రంగా కోసింది. ఆకుపచ్చ గుడ్డ తిరగేసి, అంచులు మడిచి కుట్టింది. మిషను చప్పుడుకి అత్తగారు వచ్చి నిలబడింది.

"ఏం కుడుతున్నావమ్మా?"

"దిళ్ళు అత్తయ్యా. కుర్చీల్లోకి."

"మంచిపని చేశావు. ఆ కుర్చీలో కూర్చుంటే ఎముకలు లెక్కపెట్టుకోవచ్చు."

అతను లోపలికొచ్చి చూశాడు. నేల మీద మిగిలిన రబ్బరుకళ్ళు రెండూ తీసి కిటికీలో పెట్టాడు. ఆమెకి ఆ సాయంత్రం మనసు తేలికైంది. రేపు తను చర్మం తీసుకెళ్ళకపోతే ప్రొడ్యూసరే వస్తాడు, అడుగుతాడు, అప్పుడు చెప్పాల్సినవన్నీ వరసగా పేర్చుకుంది.

మర్నాడు ఆయన ఇంటికే వచ్చాడు. టీ కప్పు అందుకుని, కుర్చీలో వెనక్కి వాలి, "ఏదమ్మా కప్ప? కుర్రాళ్ళు కాచుకుని ఉన్నారు," అన్నాడు.

"మీరు కూర్చున్నది దానిమీదేనండి."

ఆయన లేచాడు. కిందికి చూశాడు. పచ్చటి దిండు నెమ్మదిగా ఉబ్బి మామూలుగా అయింది. ఆయన మొహం ఎర్రబడింది. ఇప్పుడు తిడతాడు, ఇప్పుడు మొదలుపెట్టాలి. పేర్చుకున్న మొదటి మాట నాలుక చివరికి వచ్చింది.

ఆయన ఒక్కసారిగా పగలబడి నవ్వి మళ్ళీ దానిమీదే కూర్చున్నాడు.

"భలేదానివమ్మా! పోనీలే, శాపం తీరగానే కప్ప మాయమైపోయింది. మాయే కదా, ఎవడడుగుతాడు? ఒక షాటు తప్పింది. మంచిదే అయింది." టీ గుటకేశాడు. "అబ్బ, మెత్తగా ఉంది."

ఆమె పేర్చుకున్న మాటలన్నీ చెల్లాచెదురయ్యాయి. ఆయన్ని చూడటం మానేసి మొగుడివైపు చూసింది. నువ్వైనా ఏదో ఒకటి అను అన్నట్టు చూసింది. అతను గుమ్మానికి ఆనుకుని, ముడతలు ఇంకా పోని మొహంతో నేల చూస్తున్నాడు.

"ఒరే బల్లెం," అన్నాడు ప్రొడ్యూసరు కప్పు కింద పెట్టి, "నిన్నటి గొంతు నన్ను నిద్రపోనివ్వలేదురా. తరవాతి కథ అనుకున్నాం. రాకుమారుడు శాపం వల్ల ఎలుగుబంటి అవుతాడు. అడవి, మంచు, పెద్ద కథ. ఎలుగు నువ్వే. ఆఖర్న మొహం కూడా నీదే. ఈసారి షెడ్డు కూడా మా బావది కాదు, వేరేవాళ్ళది."

"ఆ వేరేవాళ్ళకి కొడుకులున్నారేమో కనుక్కున్నారా?" అంది ఆమె.

ఎవరూ వినలేదు. బల్లెం తల ఎత్తాడు. ఆ మొహంలోకి వచ్చిన వెలుగు చూసి ఆమె కళ్ళు తిప్పుకుంది.

"నిజంగానా సార్?"

"మాటిస్తున్నా కదరా."

ఆయన వెళ్ళేదాకా ఆగలేకపోయాడతను. వీధి గుమ్మం దాకా సాగనంపి, పరుగులాంటి నడకతో లోపలికొచ్చి, "ఏమే, బొచ్చు ఎక్కడ దొరుకుతుంది? పాత కంబళ్ళయితే పనికొస్తాయా?" అన్నాడు.

ఆమె మిషను మీద మూత పెట్టింది. "తెలీదు."

"నల్లవి కావాలి. రంగేసినా పరవాలేదు." అంటూనే పెరట్లోకి నడిచాడు.

కాసేపటికి అక్కణ్ణించి ఒక గుర్రు వినిపించింది. కుదరలేదు. మళ్ళీ వినిపించింది, కాస్త మేలు. ఆ తరవాతిది కడుపులోంచి వచ్చింది. లోతుగా, గాయపడ్డ పెద్ద జంతువు ఒంటరిగా మూలిగినట్టు. కిటికీ అద్దం కంపించింది. సందులో కుక్కలు మొదట మొరిగి, తరవాత భయపడి ఊరుకున్నాయి. అంత బాగా వచ్చింది. మూత మీద పెట్టిన చేతులు తియ్యకుండా ఆమె వింటూ నిలబడింది.

లోపలి గదిలోంచి అత్తగారు కంగారుగా పిలిచింది. "అమ్మాయ్! ఏమిటమ్మా అది? ఎక్కడిదా ఎలుగు?"

"మనింటిదే అత్తయ్యా," అంది.